భద్రం తాత మలుపులో లాక్ నట్టు

స్టేషన్‌కి వెళ్లే దారిలో, మూతపడ్డ టైర్ల షాపు ముందున్న మలుపుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ కారు నెమ్మదించిందంటే చాలు... టక్... టక్... ఎవరో ఇనుముతో తడుతున్నట్టు.

అందరికీ వినిపించదు. ఆ షాపులో టైర్లు వేయించుకున్నవాళ్లకే వినిపిస్తుంది. అదీ అసలు భయం.

ఆ షాపు ఒక ముసలాయనది. ఏ వస్తువు చేతికిచ్చినా "భద్రంగా పెడతాలే" అనేవాడు. పెట్టేవాడు కూడా. ఎక్కడ పెట్టాడో మాత్రం ఆయనకే గుర్తుండేది కాదు. అందుకే భద్రం తాత అని పేరు పడింది. నిరుడు పోయాడు. పోయాక కూడా లోపల వెతుక్కుంటూనే ఉన్నాడని ఊరంతా చెప్పుకుంటారు.

ఇది మా బాబాయికి జరిగింది. ఆయన చెప్పినట్టే చెబుతున్నాను.

బాబాయి టాక్సీ నడుపుతాడు. ఆ రాత్రి వాళ్ల అత్తగారిని రైలెక్కించాలి. ఆవిడ వారం ఉంటానని వచ్చి నెల ఉంది. బాబాయి కుర్చీ, బాబాయి దిండు, బాబాయి టీవీ రిమోటు, అన్నీ ఆవిడ చేతిలోకి వెళ్లిపోయాయి. ఆ రైలు వారానికి ఒక్కటే. తప్పిందా... మరో వారం.

సరిగ్గా ఆ మలుపులోనే... టక్... టక్... ఆ వెంటనే బుస్సుమంటూ వెనక చక్రం కూలబడింది.

"దిగకండి అత్తయ్యా," బాబాయి గొంతు తగ్గించాడు.

"దిగకపోతే ఎలా బాబూ? జాకీ మీద నన్ను కూడా లేపుతావా?"

నాలుగు నట్లు వచ్చాయి. ఐదోది రాలేదు. అది లాక్ నట్టు. దొంగలు చక్రం ఎత్తుకుపోకుండా వేసేది. దాని తల మీద పువ్వు రేకుల్లాంటి గాడి ఉంటుంది. ఆ గాడిలో సరిపోయే బొటనవేలంత ఇనపముక్కే దాని తాళంచెవి. అది లేకపోతే ఏ స్పానరూ పట్టదు.

డాష్‌బోర్డు అరలో లేదు. సీట్ల కింద లేదు. డిక్కీలో స్టెప్నీ చక్రం ఎత్తి చూశాడు... లేదు. చివరిసారి ఈ కారుకి టైర్లు వేసిందెవరో అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తయ్యా... తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది."

"ఎవరి దగ్గర?"

బాబాయి మెల్లగా షట్టరు వైపు చూశాడు.

ఆవిడ నేరుగా వెళ్లి షట్టరు మీద దబదబా బాదింది. "ఏమయ్యా! మా అల్లుడి తాళంచెవి ఎక్కడ పెట్టావు? ఆఖరిసారి ఎక్కడ చూశావో కాస్త గుర్తు తెచ్చుకో!"

బాబాయి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. లోపల... ఏ చప్పుడూ లేదు.

"పాపం, వెతుకుతున్నట్టున్నాడు," అంటూ ఆవిడ తిరిగొచ్చింది. "మనకి టైము లేదు. ఇంకో మార్గం లేదా?"

ఉంది. నట్టు తలకంటే పిసరు చిన్న సాకెట్టు, అంటే గొట్టంలాంటి స్పానరు, తీసుకుని, సుత్తితో కొట్టి దాని మీదికి బలవంతంగా ఎక్కించాలి. బాగా బిగుసుకున్నాక పొడుగాటి రాడ్డు తగిలించి తిప్పాలి. నట్టు ఇక పనికిరాదు, చక్రం మాత్రం వస్తుంది.

బాబాయి సుత్తి ఎత్తాడు. టంగ్!

షాపు వైపు నుంచి... టంగ్!

సుత్తి జారిపోయింది. "అత్తయ్యా... ఒకటి కొడితే రెండు వినిపిస్తున్నాయి..."

"షట్టరుకి తగిలి వస్తోంది. లేదా ఆయన కూడా ఓ చెయ్యి వేస్తున్నాడు. ఏదైనా మనకి మంచిదే. కొట్టు."

"నా వల్ల కాదు."

"సరే, తొందరేముంది? రైలు పోతే పోనీ. ఇంకో వారం ఉంటాను. నీ దిండు కూడా బాగా అలవాటైంది."

ఆ తర్వాత బాబాయి కొట్టిన దెబ్బలకి సాకెట్టు నట్టు మీదికి దిగబడిపోయింది. రాడ్డు మీద రెండు కాళ్లూ వేసి నిలబడ్డాడు. కిర్ర్‌ర్... వదిలింది!

నాలుగు నట్లతోనే స్టెప్నీ బిగించి కారు ఉరికించాడు. రైలు వచ్చి ఆగి ఉంది, ఇంజను మార్చాలట. అత్తగారిని సీట్లో కూర్చోబెట్టి, ఈల వేసుకుంటూ వెనక్కి బయల్దేరాడు. మలుపు వచ్చింది. నెమ్మదించాడు. పంక్చరైన చక్రం డిక్కీలో ఉంది. చప్పుడు దానిదే అయితే ఇక రాకూడదు.

టక్... టక్...

బాబాయి కారు అక్కడే వదిలేసి స్టేషన్‌కి పరుగెత్తాడు. రైలు అప్పుడే కదులుతోంది. ఎక్కేశాడు. అత్తగారి పక్కన కూర్చుని, ఆవిడ ఊరు వెళ్లిపోయాడు!

తిరుగు రైలు కూడా వారానికి ఒక్కటే.

బాబాయి రైల్లోంచి ఫోన్ చేస్తే, పొద్దున నేనే వెళ్లి కారు తెచ్చాను. నేను ఈమధ్యే పంక్చర్ల దుకాణం పెట్టాను. పంక్చరైన టైరుని రిమ్ము నుంచి ఊడదీశాను. లోపల... తాళంచెవి! అనుమానమొచ్చి స్టెప్నీ కూడా ఊడదీశాను. అందులో దాని జత.

భద్రం తాతకి అంతకంటే భద్రమైన చోటు తట్టలేదు. చక్రం విప్పాలంటే తాళంచెవి కావాలి, తాళంచెవి కావాలంటే చక్రం విప్పాలి. ఇక ఏ దొంగ ఏం చేస్తాడు?

చప్పుడు లెక్క కూడా తేలిపోయింది. చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఆ ముక్క టైరుకి అతుక్కుపోయి తిరుగుతుంది. వేగం సగమైతే ఆ పట్టు నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంకా నెమ్మదిస్తే పైనుంచి కిందికి... టక్. ఊళ్లో హారన్ల మధ్య ఎవరికీ వినిపించదు. నరమానవుడు లేని మలుపులో వినిపిస్తుంది.

వారం తిరిగేలోపు తాత చేతి టైర్లున్న కార్లన్నిటినీ పిలిపించాను. పాత నట్లు తీసేసి, అన్నిటిలోంచీ తాళంచెవులు బయటికి లాగాను. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను.

"రేపే వచ్చేస్తున్నాను రా," అన్నాడు గుసగుసగా. "ఇక్కడ అత్తయ్య నా చేత రోజూ బీరువాలు జరిపిస్తున్నారు... మళ్లీ వెనక్కి జరిపిస్తున్నారు..."

ఆ రాత్రి దుకాణం కట్టేసి, తాళంచెవుల సంచీ ఇంట్లో పడేసి, ఉత్త చేతులతో ఆ మలుపు దాకా వెళ్లాను. ఒకసారి విందామని. నిశ్శబ్దం. నాలో నేనే నవ్వుకుని వెనక్కి తిరిగాను.

టక్... టక్...

నాది సైకిలు.

షట్టరు వెనక నుంచి, చాలా మెల్లగా... "టైర్లలో భద్రంగా పెట్టానే... ఎవరు తీశారు?"

ఇంటికి ఎలా చేరానో తెలియదు. చేరగానే ఫోన్ తీశాను.

"బాబాయ్... ఇంకో వారం అక్కడే ఉండు."