కొండముచ్చు బోను

శుక్రవారం సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. మగ్గాల బస్తీ కామత్‌ఘర్ సందుల్లో మగాళ్లంతా తలంటు పోసుకుని కునుకు తీసే మధ్యాహ్నం వేళ, సదానందం షేర్ ఆటో దిగి కాశేలిలో ఒక గోదాం షట్టర్ ఎత్తాడు. రెండు నెలలపాటు రోజూ పొద్దున్నే ఇక్కడ బోన్లు కడిగేవాడు. దొంగచాటుగా పట్టి తెచ్చిన అడవి జంతువుల బోన్లు. బేరం తెగేదాకా జబ్బు పడకూడదని సేటు అరటిపండ్లలో మందుబిళ్లలు దూర్చి మేపించేవాడు. అయినా ఒక ఆడ కొండముచ్చు నీళ్ల విరేచనాలు పట్టుకుని, పిల్లను రొమ్ముకు అదుముకునే చచ్చింది. ఆ బోనూ అతనే కడిగాడు.

కడిగి, చేతులు ఉత్త నీళ్లతో తడిపి, సాంచె మీదికి పోయాడు. నూలు చుట్టిన కండె అయిపోయి మార్చినప్పుడల్లా, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కంతకు నోరు పెట్టి దారం పీల్చాలి. అందరూ చేసేదే. అతను చాయ్‌కి పోతే, కండెలు చుట్టే అతని భార్య దుర్గవ్వ వచ్చి సాంచె నడిపేది. అదే నాడెకు నోరు పెట్టేది. అతనికేమీ కాలేదు, మొండిఘటం. ఆమె మాత్రం ఐదు రోజులుగా ఆస్పత్రిలో ఉంది.

"ఈ పురుగు ఏ మందుకూ లొంగట్లేదు," అన్నాడు డాక్టరు. "మందులు మేపిన జంతువుల పేగుల్లో ఇట్లాంటివి పెరుగుతాయి. ఈమెకు ఎక్కడ అంటింది?"

సదానందం తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఈ పొద్దున మాత్రం బావురుమని అంతా చెప్పేశాడు. ఏ మందులు మేపారో తెలిస్తే, ఇంకేది పనిచేస్తుందో చూస్తామన్నారు. ఆ మందుబిళ్లల ఖాళీ పట్టీల కోసమే వచ్చాడు.

లోపల చీకటి. సంగతి పొక్కిందేమో, సేటు జంతువులన్నిటినీ ఎటో తరలించేశాడు. ఫినాయిల్ వాసన... దాని అడుగున పులిసిన అరటిపండు వాసన. మూలన చెత్తలో మందుల పట్టీలు దొరికాయి. గుప్పిట పట్టాడు.

వెనక... ఇనుము మీద గోరు గీరిన చప్పుడు.

తిరిగి చూశాడు. ఏమీ లేదు.

ఫోను మోగింది. దుర్గవ్వ చెల్లెలు అరుణజ్యోతి.

"బావా..." గుసగుసగా అంది. "అక్కకు జ్వరం దిగింది."

సంతోషంతో అతనికి ఏడుపొచ్చింది. "లేసిందా?"

"లేసింది. కిటికీ గ్రిల్ ఎక్కి కూసుంది. దిగుమంటే పళ్లు ఇకిలిస్తాంది. పక్క మంచమామె పసిగుడ్డును గుంజుకుని రొమ్ముకు అదుముకుంది... ఇడుస్తలేదు... పిల్లకు ఊపిరాడుతలేదు బావా..."

ఫోను కట్టయింది.

కొండముచ్చు చచ్చిన బోనుకు బయటి నుంచి గడియ పెట్టి ఉంది. లోపల ఎవరూ లేరు. లోపలి నుంచే సన్నగా మూలుగు...

"ఏమయ్యా..." దుర్గవ్వ గొంతు. "గడియ ఎందుకు పెట్టినవ్?"