అద్దంలో రెండు కొండలు

నూకరాజు పెట్టె మూత తెరిచి అలాగే నిలబడిపోయాడు.

లోపల అన్న అప్పలస్వామి సెక్స్టెంట్ ఉంది. నడిసముద్రంలో సూర్యుడి ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో తేల్చే ఇత్తడి పరికరం. కానీ దాని చేయి సున్నా దగ్గర లేదు. మధ్యలో ఎక్కడో మర బిగించి ఉంది!

అన్నదమ్ములిద్దరూ ఓడల మీద బతికినవాళ్లే. కొలత అయిపోగానే చేయిని సున్నాకు తెచ్చి మరీ పెట్టె మూస్తారు. జీవితంలో అప్పలస్వామి ఆ అలవాటు తప్పింది లేదు. మరి ఇదేమిటి?

భార్య పోయాక అడవిలోకి వెళ్లిపోయిన అప్పలస్వామి జ్వరంతో కొండ దిగి, ఆసుపత్రిలో కన్నుమూశాడు. "పెట్టె మా తమ్ముడికియ్యండి. గెడ్డ వెంట ఎక్కమనండి" అన్నదే ఆఖరి మాట. నూకరాజుకు నా అన్నవాళ్లు ఇంకెవరూ లేరు. అన్న తనకేం చూపించాలనుకున్నాడు? అతనికి కావలసింది అదొక్కటే.

అన్న బావమరిది వరహాలుకు కావలసింది వేరు. పూర్వం జమీందారు ఆ కొండల్లో దాచిన బంగారం అప్పలస్వామికి దొరికిందని ఊరంతా గుసగుసలు. అందుకే వెంట బయలుదేరాడు.

గెడ్డ అనే ఆ కొండవాగు ఇరుకు లోయలో హోరెత్తుతోంది. వరహాలు ఫోన్ పైకెత్తి గొణిగాడు.

"ఇదేటి బావా! మేపులో సుక్క ఆ కొండకీ ఈ కొండకీ గెంతుతోంది!"

"దానికి ఆకాశం అందట్లేదురా. జేబులో పెట్టుకో."

నూకరాజు సెక్స్టెంట్‌ను అడ్డంగా పట్టుకున్నాడు. చెట్ల పైనుంచి కనబడే శిఖరాలు రెండే. ఎదురుగా సూదికొండ, పక్కన ఏనుగుబోడి. ఆ రెండింటి మధ్య కోణాన్నే అన్న తన చోటి నుంచి కొలిచి బిగించి ఉంటాడు. బిగించిన మర కదపకుండా గెడ్డ వెంట నడిస్తే, ఏదో ఒక్క చోట ఆ రెండూ అద్దంలో ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఆ కోణం ఎంతో చదువుదామంటే అంకెలు లేవు. ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. మర కదిలిందా, ఆ చోటు ఇక దొరకదు.

నాచు రాళ్ల మీద జారుతూ, ముళ్లు గీరుకుంటూ ఎక్కాడు. ఒక మలుపులో ఏనుగుబోడి మెల్లగా జరిగి సూదికొండ నెత్తిన కూర్చుంది.

"ఆగు! ఇక్కడే!"

సెక్స్టెంట్‌ను అలాగే పెట్టెలో పెట్టి భుజాన తగిలించుకుని, తీగలు నరికాడు. గుహ నోరు బయటపడింది. లోపల గబ్బిలాలు గుప్పున లేచాయి. టార్చి వెలుగులో రాగి బిందెలు, వాటి నిండా పసుపు మెరుపు!

"ఓలమ్మో! బావా, ఇటు సూడు!" వరహాలు బిందె మీద బోర్లా పడ్డాడు.

నూకరాజు అటు చూడలేదు. అతని టార్చి మరో మూలన నిలిచిపోయింది. మూడు పొయ్యి రాళ్లు. అరిగిన చాప ఒకటి, చుట్టిపెట్టిన కొత్త చాప ఒకటి. రెండు కంచాలు. ఒకటి సొట్టలు పడి మసిబారింది. రెండో దానిమీద అంగడి చీటీ ఇంకా అంటుకునే ఉంది. అంచున చెక్కించిన పేరు, నూకరాజు.

అంతలో పైనుంచి పెద్ద గర్జన. పై కొండల్లో ఎక్కడో వాన పడి గెడ్డ పొంగింది!

"ఒరే వరహాలూ! బిందె వదిలెయ్!"

"సస్తే సస్తాను గానీ వదల్ను!"

నీళ్లు గుహలోకి దూకాయి. నూకరాజు కంచాన్ని చొక్కాలో దోపి, వరహాలు కాలరు పట్టి లాగాడు. బిందె చేజారింది. వరద ఇద్దరినీ వెనక సందులోంచి చీకట్లో దొర్లించుకుపోయి, ఎక్కడో దిగువన ఇసుకలోకి విసిరికొట్టింది.

గెడ్డ కొత్త దారి పట్టింది. పాత మలుపులు, ఒడ్డులు, గుర్తులు ఏవీ మిగల్లేదు.

వరహాలు దగ్గుతూ లేచాడు. "పెట్టె ఉందా బావా? మర కదల్లేదు గదా? నీల్లు తగ్గనీ, జనాన్ని తెద్దాం, లారీ తెద్దాం!"

నూకరాజు భుజాన వేలాడుతున్న పెట్టె తెరిచాడు. మర కదల్లేదు. సెక్స్టెంట్‌ను కంటికి ఆనించి, మర వదులు చేశాడు.

"ఏటి సేస్తన్నావు? ఆగు బావా!"

"అది మా అన్న ఇల్లురా."

చేయి మెల్లగా జరిగి సున్నా దగ్గర ఆగింది. అద్దంలో ఏనుగుబోడి జారిపోయింది. సూదికొండ ఒక్కటే మిగిలింది.

అతను పెట్టె మూసి, చొక్కాలోని కంచాన్ని ఒకసారి తడుముకుని, కొండ దిగసాగాడు.