కురుమయ్య మీద అవిశ్వాసం

ఆ పొద్దున గుర్వమ్మ జొన్నరొట్టెను పెనం మీద వేసి మరిచిపోయింది. మాడిన వాసన వాకిటి దాకా వచ్చినా ఆమెకు సోయి లేదు. ముందురోజు సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని విన్న రేడియో నాటకమే ఇంకా చెవుల్లో తిరుగుతోంది. తోడికోడలు సోమమ్మ పరుగున వచ్చి రొట్టె తిప్పి, నాటకంలో సుభద్రమ్మ చెయ్యెత్తినప్పుడు తన ఒళ్లు జలదరించిందని చెప్పింది. గుర్వమ్మకైతే ఏడుపే వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

సర్కారు ఆ ఊరి పంచాయతీకి రేడియో ఇచ్చిన దగ్గర్నుంచి ఆడామగా అందరికీ ఆ వారం వారం నాటకమే లోకమైపోయింది. అందులో రాఘవరావని ఒక సర్పంచి. ఊరినంతా గుప్పిట్లో పెట్టుకుని, అడిగేవాడు లేక తన ఇష్టం వచ్చినట్టు నడిపిస్తుంటాడు. సుభద్రమ్మ అని ఒక మెంబరు. ఏ మీటింగులోనూ నోరు విప్పదు, వేలిముద్ర వేసి ఇంటికి పోతుంది. ఆమె నిన్న అవిశ్వాస తీర్మానానికి చెయ్యెత్తింది, రాఘవరావు కుర్చీ దిగాడు. నాటకంలో అందరూ కోస్తా తెలుగు మాట్లాడతారు కాబట్టి సగం మాటలు వీళ్లకు అందవు. నాలుగో తరగతి దాకా చదివిన మరిది గోపయ్యే అందరికీ విడమరిచి చెప్పాలి. అవిశ్వాసమంటే నీ మీద మాకు నమ్మకం పోయింది, ఇక దిగు అని నలుగురూ చేతులెత్తడమని చెప్పాడు. పొద్దెక్కేసరికి బావి దగ్గరా కల్లు కాంపౌండు దగ్గరా ఆ మాటే.

ఊళ్లో ఆ మాట ఎరుగనిది ఒక్క కురుమయ్యే. గుర్వమ్మ మొగుడు. నాటకం వచ్చే వేళకు ఆయన ఊరి బయటి మందకు గొర్రెలను తోలుకొస్తుంటాడు. రేడియో పెట్టె ముందు కూర్చున్నవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంట.

ఆ పొద్దున ఆయన మంద దగ్గర్నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, ఫలానా గొర్రె ఈనిందని చెప్పినంత తేలిగ్గా ఒక మాట చెప్పాడు. అమ్రాబాద్ భిక్షం కొడుక్కు బిడ్డ అండాలునిస్తానని మాటిచ్చి వచ్చాడట. ఎండలు ముదరకముందే పెండ్లట.

గుర్వమ్మ చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉండిపోయింది. అండాలు ఏడో తరగతి చదువుతోంది. పంతులమ్మ ప్రమీలమ్మతో మాట్లాడి, పిల్లను మహబూబ్‌నగర్ హాస్టల్లో వేయడానికి గుర్వమ్మ లోలోపల అన్నీ సిద్ధం చేసుకుంది. మంచి సమయం చూసి చెబుదామనుకుంది. ఆ ఇంట్లో ఆమెకు మంచి సమయమనేది ఎన్నడూ రాలేదు. గొర్రెలు అమ్మినా, పొలం కౌలుకిచ్చినా, చివరికి ఆమె పుట్టింటికి ఎప్పుడు పోవాలన్నా, అన్నీ ఆయన కాళ్లు కడుక్కుంటూ చెప్పిన వార్తలే.

"నన్నడగకుండ ఎట్ల మాటిస్తివి?" అంది.

"నిన్నడిగేదేంది?" అన్నాడు కురుమయ్య. అందులో కోపం లేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. గుర్వమ్మకు అదే ఎక్కువ మండింది.

గోపయ్యకు అన్న మీద పాత కసి ఒకటుంది. ముద్దుగా పెంచుకున్న పొట్టేలును అన్న చెప్పాపెట్టకుండా తిరుమలగిరి అంగడికి తోలి అమ్మేశాడు. ఇదే అదను అనుకున్నాడేమో, నవ్వుతూనే లేచి నిలబడ్డాడు.

"అన్నా, నీ మీద అవిశ్వాసం పెడుతున్నం. ఒప్పుకునేటోళ్లు చెయ్యెత్తుండ్రి."

సోమమ్మ కిసుక్కున నవ్వి చెయ్యెత్తింది. గడపలో కూర్చున్న అండాలు తల వంచుకునే చెయ్యెత్తింది. గుర్వమ్మ చెయ్యి తనంతట తాను లేచింది, పిండి చెయ్యి. అబద్ధమెందుకు, ఆ ఒక్క క్షణం ఆమెకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లకు ఆ ఇంట్లో ఆమె లెక్కలోకి వచ్చింది.

కురుమయ్య నవ్వలేదు. ఎవరినీ తిట్టలేదు. ఎత్తిన చేతులన్నీ చూసి, గుర్వమ్మ దగ్గర ఆగాడు.

"నువ్వు గూడనా?" అన్నాడు. గొంగడి భుజాన వేసుకుని, ముద్ద ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. గుర్వమ్మ మొదట్లో రాకుంటే రాకపోనీ అనుకుంది. దిగమంటే రాఘవరావు మాత్రం అలగలేదా? గోపయ్యతో సద్ది పంపితే అది కట్టిన మూట కట్టినట్టే తిరిగొచ్చింది.

"విశ్వాసం లేనోనికి గా ఇంటి బువ్వ ఎందుకు అన్నడు వదినె," అని గోపయ్య పకపకా నవ్వాడు. "అన్నకు మాటే తెల్వలే. కుక్కకుండే విశ్వాసం నాకు లేదన్నరని బాధపడుతుండు."

గుర్వమ్మకు నవ్వు రాలేదు. అమ్మానాన్నా పోయాక ఈ గోపయ్యను గొంగట్లో పొదువుకుని పెంచిన మనిషిని పట్టుకుని, ఇంటిల్లిపాదీ చేతులెత్తి, నీకు విశ్వాసం లేదన్నారు. వాళ్ల కులంలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఇంకొకసారి నవ్వితే పళ్లు రాలతాయని మరిదికి చెప్పి, ఆమె మూట తీసుకుని తనే బయల్దేరింది. అట్లాగని కోపం తగ్గిందనుకునేరు. దారి పొడుగునా కోపాన్ని కూడా మోసుకునే పోయింది.

కురుమయ్య తుమ్మచెట్టు కింద కూర్చుని, కాలు విరిగిన గొర్రెపిల్లకు కట్టు కడుతున్నాడు. ఆమె వంక చూడలేదు.

"గది నువ్వనుకున్న మాట కాదు," అంది గుర్వమ్మ నిలబడే. "నీ మీద నమ్మకం లేదని. గంతే."

"నమ్మకం లేదంటే గది తక్కువ మాటనా?"

గుర్వమ్మ మూట కింద పెట్టింది. ఆయనే మెల్లగా చెప్పుకొచ్చాడు. నిరుడు ఎండల్లో మందను అమ్రాబాద్ అడవి వైపు తోలుకుపోయినప్పుడు చలిజ్వరం పట్టి సోయి లేకుండా పడిపోయాడట. భిక్షమే ఆయన నోట్లో గంజి పోసి, మందకు కాపలా పడుకున్నాడు. పులి తిరిగే చోట ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు. లేచాక రెండు గొర్రెలు తీసుకొమ్మంటే భిక్షం చేతులు జోడించి వద్దన్నాడు. ఈ సంగతులేవీ కురుమయ్య ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని ఆయనకు తోచలేదు.

"గాయినకు విశ్వాసం సూపెట్టనీకెనే పిల్లనిస్తనన్న. నువ్వేమో నాకు విశ్వాసమే లేదని చెయ్యెత్తితివి."

"నీ విశ్వాసానికి నా పిల్లనిస్తవా?" గుర్వమ్మ అరిచింది. "నువ్వు సావుదాక పోయొచ్చినవని నాకు ఇయ్యాల తెలుస్తుంది. బిడ్డను ఇచ్చేసినవని మొన్న తెలిసింది. నేను నీ ఇంట్ల ఎవలను?"

కురుమయ్య కట్టు ముడి వేయడం ఆపాడు. నువ్వెన్నడూ అడగలేదు కదా అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. చివరికి, అలవాటు లేని పని చేసినవాడిలా, తడబడుతూ అడిగాడు.

"సరే. నువ్వే చెప్పు. ఏం జేద్దాం?"

ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాట కోసం గుర్వమ్మ లోపల ఎన్ని జవాబులు దాచుకుందో. హాస్టలు, చదువు, పంతులమ్మ అన్న మాటలు, అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. చెప్పబోతుంటే తల వంచుకుని చెయ్యెత్తిన అండాలు కళ్ల ముందు మెదిలింది. ఆ పిల్ల ఎందుకు చెయ్యెత్తిందో తనకు తెలియదు. పెండ్లి వద్దనా? తల్లి ఎత్తింది కాబట్టా? హాస్టలుకు పోతావా అని కూడా తను ఆ పిల్లను ఒక్కసారీ అడగలేదు. పిల్లకు కూడా మంచి సమయం చూసి చెబుదామనే అనుకుంది. అంటే, తనదీ ఆయనలాగా కాళ్లు కడుక్కుంటూ చెప్పడమే. గుర్వమ్మ అక్కడే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"పిల్లనడుగుదాం," అంది కాసేపటికి.

"పిల్లనా? గది గూడ రేడియోల చెప్పిండ్రా?"

"రేడియోల కాదు. అడగకుంటే ఎట్లుంటదో నాకెరుక."

కురుమయ్య ఆగిన ముడి బిగించి గొర్రెపిల్లను వదిలాడు. మూట విప్పి, రొట్టె రెండు ముక్కలు చేసి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. తిన్నాక మందను పక్క మందవాళ్లకు అప్పజెప్పి, బిడ్డను అడగడానికి ఇద్దరూ ఇంటి దారి పట్టారు.