మాట తేటపడ్డాక

ఆ ఇంటికి నేను వెళ్ళింది మధ్యాహ్నం మూడింటికి. బయట ఎండ మండిపోతోంది. పిలిచింది ఒక పళ్ళ డాక్టరమ్మ. ఇళ్ళలో హోమ్ థియేటర్లు బిగించడం, తేడా వస్తే సరిచేయడం నా పని. పద్దెనిమిదేళ్ళుగా ఇదే బతుకు. నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే గోల: పాటలు అదిరిపోతున్నాయి, ఫైటింగులకి తలుపులు ఊగుతున్నాయి, మాటలు మాత్రం ఒక్క ముక్క అర్థం కావట్లేదని.

"నాకు బాగానే ఉందండీ. మా అత్తయ్యకే వినపడట్లేదు," అంది డాక్టరమ్మ, తన చెవి చూపించి నవ్వుతూ.

హాల్లో కూర్చున్న పెద్దావిడ అది చూడనే చూసింది. "నా చెవులకేం రోగం లేదు. వంటింట్లో నువ్వు నా మీద గొణిగేదంతా వినపడుతూనే ఉంది." తర్వాత నావైపు తిరిగింది. "వినపడక కాదు నాయనా. సినిమాలో వాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఇంకెవరో అడ్డం పడుతున్నారు. నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు."

"అది గదిలో మోత అమ్మా. గంటలో సర్దేస్తాను," అన్నాను.

మెట్లు దిగి కింది గదికి తీసుకెళ్ళింది డాక్టరమ్మ. ఏడాది క్రితం ఇల్లు కొన్నప్పుడే ఆ గది అలా ఉందట. కిటికీ లేదు. గోడలకీ పైకప్పుకీ మెత్తటి నల్లటి దిళ్ళు. జానెడు మందం తలుపు, చుట్టూ రబ్బరు అంచు. ఒకే వరుసలో అయిదు తోలు కుర్చీలు. పాత తివాచీ వాసన, దాని అడుగున ఇంకేదో... చాలాసేపు మూసి ఉంచిన నోరు తెరిస్తే వచ్చే వాసన.

"తలుపు వేసుకోండి. పైన బాబు నిద్రపోతున్నాడు," అని ఆమె వెళ్ళిపోయింది. తలుపు మూసుకోగానే చెవులు దిబ్బడేశాయి. నా ఊపిరి నాకే పెద్దగా వినపడింది. ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు.

తప్పు ఎక్కడుందో ఇట్టే దొరికింది. మాటలు వచ్చే సెంటర్ స్పీకర్‌ని తెర కింద అరలో లోపలికంటా తోసేశారు. అది మనుషుల మోకాళ్ళతో మాట్లాడుతోంది. దాన్ని అర అంచుకి లాగాను. ముందువైపు రెండు రబ్బరు ముక్కలు పెట్టి, మూతి చెవుల వైపుకి లేపాను. పని చేస్తూ నాలో నేను మాట్లాడుకోవడం నాకలవాటు. నేను వైర్లతో సంసారం చేస్తానని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. "ఇదిగో, ఇలా రా. అయిపోయింది, రెండే నిమిషాలు," అంటున్నాను.

తర్వాత ఒక్కో కుర్చీలో, తల ఉండే చోట మైకు పెట్టి శబ్దం కొలిచాను. మూడు కుర్చీలకి లెక్క బాగానే వచ్చింది. నాలుగో దాని దగ్గర తేడా కొట్టింది. ఖాళీ కుర్చీ శబ్దాన్ని వెనక్కి కొడుతుంది. మనిషి కూర్చుంటే ఒళ్ళు, బట్టలు కొంత మింగేస్తాయి. ఈ కుర్చీ మింగేస్తోంది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అదే.

మైకు పాడైందనుకున్నాను. అలా అనుకోవడమే తేలిక.

ఒక సినిమా పెట్టాను. వంటగదిలో అక్కాచెల్లెళ్ళు మెల్లగా మాట్లాడుకునే సీను. మిగతా స్పీకర్లన్నీ ఆపేసి, సెంటర్ ఒక్కదాన్నే ఉంచి కాస్త పెంచాను. మాటలు తేటగా వచ్చాయి. అక్క ఏదో అంది. చెల్లెలు జవాబు చెప్పేలోపు...

"...మ్... ...మిషా..."

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. సినిమాలో అక్కడ ఏమీ లేదు. ముందుకి పోనిచ్చాను. అక్క ఆగిన చోట మళ్ళీ వచ్చింది. పెద్దావిడ చెప్పినట్టే, గుడ్డ కుక్కిన నోటితో. మగో ఆడో తెలియని గొంతు.

ఇన్నేళ్ళ అలవాటు ఊరుకోనివ్వదు కదా. అస్పష్టంగా ఉన్న మాట వినపడితే నా చెయ్యి దానంతటదే మీట మీదకి పోతుంది. మోత తగ్గించాను. మాట పలికే స్థాయిని ఇంకో మూడు గీతలు పెంచాను.

"రెండే... నిమిషాలు," అంది ఆ గొంతు.

"ఎవరది?" అన్నాను.

"ఎ...వరది," అంది.

స్పీకర్ వెనక వైరు పీకేశాను. చెల్లెలు మాట సగంలో ఆగిపోయింది. ఆ గొంతు ఆగలేదు. "అయిపో... అయిపోయింది... ఇలా రా..." ఈసారి తెర వైపు నుంచి కాదు. కుర్చీల వైపు నుంచి.

గోడ మీది బోర్డులో మెయిన్ స్విచ్ కొట్టేశాను. అది చేయకుండా ఉండాల్సింది. గది మొత్తం చీకటైపోయింది.

ఫోన్ లైటు గుర్తే రాలేదు, తడుముకుంటూ తలుపు చేరాను. పిడి తిరుగుతోంది. తలుపు కదలట్లేదు. భుజంతో గుద్దాను. పిడికిళ్ళతో బాదాను. "డాక్టరమ్మా! తలుపు తియ్యండి! ఎవరైనా ఉన్నారా!"

దిళ్ళు నా కేకని నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే మింగేశాయి.

"డాక్టరమ్మా," అంది వెనక నుంచి. "తలుపు... తియ్యండి."

ఈసారి గుడ్డ లేదు. కొంచెం బొంగురు, అంతే. ఆ బొంగురు నాది. పొద్దుటి నుంచీ గొంతు పట్టేసి ఉన్న నా బొంగురు.

అప్పుడు అర్థమైంది. నేను మాట్లాడిన కొద్దీ దానికి మాట వస్తోంది. అరిస్తే తప్ప ఎవరూ రారు. అరిస్తే అది ఇంకాస్త నేర్చుకుంటుంది...

రెండు చేతులతో నోరు మూసుకున్నాను. తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాను. చీకట్లో తోలు కిర్రుమంది. ఎవరో లేచినట్టు. తివాచీ మీద అడుగుల చప్పుడు వినపడదు. వాసన మాత్రం దగ్గరైంది. నా మొహానికి ఎదురుగా వెచ్చటి గాలి తగులుతోంది.

"చెప్పు," అంది. బతిమాలుతున్నట్టు. "ఇంకా చెప్పు."

నా పిల్లల పేర్లు నోటి దాకా వచ్చాయి. అవి దాని చేతికి చిక్కకూడదని నాలుక కొరుక్కున్నాను. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. నా తల నిమిరినట్టు కూడా అనిపించింది... అది నా భ్రమేనని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను.

వీపు వెనక తలుపు వదులైంది. వెల్లకిలా మెట్ల మీద పడ్డాను. పైన డాక్టరమ్మ, చేతిలో మంచినీళ్ళ గ్లాసు.

"అయ్యో, ఏమైందండీ! నోట్లో ఆ రక్తమేంటి?"

"ఎంతసేపైంది?"

"ఆరున్నర దాటింది. మూడుసార్లు వచ్చి తలుపు కొట్టాను. ప్రతిసారీ తియ్యొద్దు, పని అవలేదు అన్నారు కదా. చివరికి నాకే అనుమానం వచ్చి..."

"నేనా అన్నది? మీరు కొట్టిన చప్పుడే నాకు వినపడలేదు."

"మీరే. ఇంత మందం తలుపులోంచి కూడా అక్షరం అక్షరం వినపడింది."

సామాన్లు అక్కడే వదిలేశాను. ఆ గది మూసేయండి, తాళం వేయండి అని చేతులు పట్టుకుని చెప్పాను. ఆమె భయపడింది. ఆ గది చూసి కాదు, నన్ను చూసి. వేస్తానంది.

మూడో రోజు పొద్దున్న పెద్దావిడ ఫోన్ చేసింది. గొంతు నిండా సంతోషం.

"ఇప్పుడు కింది గదిలోంచి ఒక్కో మాటా ముత్యంలా వినపడుతోంది నాయనా. నా చెవులు బాగానే ఉన్నాయని ఇకనైనా మా కోడలు ఒప్పుకోవాలి. తను ఆసుపత్రికి వెళ్ళింది. ఇంతకీ నువ్వెప్పుడొచ్చావు? కింద నుంచి ఇందాకటి నుంచీ పిలుస్తున్నావు, మెట్లు దిగే ముందు ఎందుకో కనుక్కుందామని ఫోన్ చేశాను."

"అమ్మా, నేను మా ఇంట్లో ఉన్నాను. మీరు బయటికి వెళ్ళిపోండి. కిందికి దిగొద్దు," అని అరిచాను.

ఫోన్లో, ఆవిడ వెనక మెట్ల అడుగు నుంచి, నా గొంతు వినపడింది. బొంగురు పోయింది. నేను జన్మలో ఎవరితోనూ అంత ప్రేమగా మాట్లాడి ఉండను.

"అదెవరో నా గొంతుతో మాట్లాడుతున్నాడు పెద్దమ్మా. ఫోన్ పెట్టేసి మీరు రండి."

"వస్తున్నా నాయనా," అంది పెద్దావిడ.

నాతో కాదు.