దారి తేలేవరకు

"ఆగు! తాంగీ... ఆగు!"

తాంగీ ఆగలేదు.

సెయింట్ మాలో రేవుపట్నం కోటగోడ మీద పరిగెడుతున్నాడు. భుజాల మీద ఏడేళ్ళ కూతురు నోల్వెన్. పాప చేతిలో ఐస్‌క్రీమ్ కరుగుతోంది.

వెనక ఇన్‌స్పెక్టర్ బాస్తియాన్. టూరిస్టులను తోసుకుంటూ వస్తున్నాడు.

మధ్యాహ్నం మూడు. ఫిర్యాదు ఇచ్చింది తల్లి. కోర్టు పాపను ఆమెకే అప్పగించింది. పొద్దున రెన్ నగరంలో, ఆమె ఇంటి ముందు ఆడుకుంటున్న పాపను తాంగీ తీసుకుపోయాడు. ఇంగ్లండ్ తీసుకెళ్ళిపోతానని ఇదివరకే బెదిరించాడట.

ఇంగ్లండ్ ఓడ ఈ ఊరి నుంచే... ఈ రాత్రికే!

తాంగీ మెట్లు దిగాడు. బీచ్ దాటాడు. ఎదురుగా చిన్న దీవి. దానికి ఒకటే రాళ్ళ దారి. సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయంలోనే తేలుతుంది. పోటు మొదలైంది, ఇప్పుడు చీలమండ లోతు నీళ్ళు.

ఆ నీళ్ళలోనే దాటేశాడు!

బాస్తియాన్ వచ్చేసరికి మోకాళ్ళ లోతు.

"ఓ నాయనా! ఎక్కడికి?" పడవలు అద్దెకిచ్చే ముసలావిడ అరిచింది. "పోటు వేళ దిగొద్దన్న బోర్డు చదవడం రాదా?"

"పోలీస్!"

"అయితే? సముద్రానికి నీ కార్డు చూపిస్తావా?"

బాస్తియాన్‌ది కొండ ప్రాంతం. బదిలీ మీద వచ్చి మూడు వారాలే.

దీవి మీద తాంగీ చేతులు ఊపుతున్నాడు.

"రావద్దు సార్! నేనెక్కడికీ పోను! ఆరు గంటల్లో దారి తేలుతుంది... నేనే వచ్చి లొంగిపోతా! ఈ ఆరు గంటలు నా బిడ్డతో ఉండనివ్వండి!"

నాటకం! దీవి వెనక పడవ సిద్ధంగా ఉండే ఉంటుంది!

బాస్తియాన్ దిగాడు.

తొడల లోతు. నడుము లోతు. పాచి పట్టిన రాయి...

జారాడు!

నోటి నిండా ఉప్పునీళ్ళు. ప్రవాహం లాగేస్తోంది. ఒడ్డు కనబడదు.

"నోల్వెన్! అక్కడే ఉండు! కదలకు!"

ఎవరో దూకిన చప్పుడు. కాలర్ పట్టుకున్న చెయ్యి.

"కాళ్ళు ఆడించండి సార్! ఆడించండి!"

ఒక్క తోపు.

బాస్తియాన్ వేళ్ళకు దీవి రాయి తగిలింది. పట్టుకున్నాడు. వెనక్కి తిరిగాడు.

నీళ్ళు.

"తాంగీ!"

నీళ్ళే.

అరగంటకు రెస్క్యూ పడవ వచ్చింది. ఇంకా గాలిస్తోంది.

నోల్వెన్ రాతి మీద కూర్చుంది. తండ్రి చెప్పిన చోటే. పక్కన అతని సంచి.

బాస్తియాన్ ఓడ టికెట్ల కోసం సంచి వెతికాడు.

ఒక తువ్వాలు. సగం తిన్న శాండ్‌విచ్. రెండు టికెట్లు.

రైలు టికెట్లు! ఈ రోజువే. సాయంత్రం ఆరూ ఇరవైకి. సెయింట్ మాలో నుంచి రెన్‌కు, పాప తల్లి ఊరికి.

పొద్దున్నే కొన్నవి.

బాస్తియాన్ తడి చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడవకండి అంకుల్," అంది నోల్వెన్. "ఆరు గంటలు ఆగాలంతే. నీళ్ళు పోతాయి. దారి తేలుతుంది. నాన్న నడిచి వచ్చేస్తాడు."

కాసేపు నీళ్ళకేసి చూసింది.

"మీ వాచీలో టైమెంత?"