ముప్ఫై ఒకటో పట్టిక

మండపేటలో ఇస్త్రీ బట్టలు వేసుకోవడం శుద్ధ దండగ. గుమ్మం దాటేసరికి రైసుమిల్లు బూడిద భుజాల మీద వాలుతుంది. ఎస్సై హరిబాబు దీనిమీద మున్సిపాలిటీకి రెండు అర్జీలు పెట్టాడు. రెండో అర్జీ బూడిద పడి చదవడానికి వీల్లేకుండా ఉందని వెనక్కి వచ్చింది.

2002 జూలై పదకొండు. ఉదయం ఏడూ పది.

హరిబాబు భుజం దులుపుకుంటుండగా చంద్రరావు మాస్టారు స్టేషన్‌లోకి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పడ్డాయి.

"మా ఆవిడ పోయిందండి. నేనే చంపేశాను. రాసుకోండి."

ఏడూ ముప్ఫై అయిదుకి హరిబాబు వాళ్ళింటికి చేరాడు. వసారాలో పడకకుర్చీ. అందులో రత్నమాణిక్యం. యాభైనాలుగేళ్ళు. పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసు. అడుగున గుక్కెడు కాఫీ.

"ఇందులో ఏం కలిపారు మాస్టారూ?"

"పంచదారండి. చెంచాడున్నర."

"ఇంకా?"

"ఇంకేం లేదు. కాఫీయే."

"కాఫీతో చంపడమేంటండి?"

మాస్టారు జేబులోంచి ఓ పాంప్లెట్ తీశారు. బీపీకి ఆకుపచ్చ క్యాప్సూల్ ప్రకటన. యాభై దాటి, కాఫీ తాగని ఆడవాళ్ళు ఏడుగురు వాడితే ఆరుగురికి బీపీ దిగిందట. వేరే బిళ్ళలు అక్కర్లేదట.

"ఆరు నెలల కిందట పాత బిళ్ళ ఆపేసిందండి. కాఫీ కూడా మానేసింది, ఆ ఆరుగురిలో చేరాలని. నేను తాగుతుంటే కాసేపు వాసన చూసి లోపలికి వెళ్ళిపోయేది. ఈవేళ అయిదున్నరకి అరగ్లాసు అడిగింది. కాదనలేకపోయాను. ఆరూ పదికి పిలిస్తే పలకలేదు."

పక్కింటి సుబ్బాయమ్మ గోడమీంచి చూస్తోంది.

"ఈ కాగితం ఎవరు తెచ్చారమ్మా?"

"నేనేనండి. మందుల షాపులో ఊరికే ఇస్తుంటే నాలుగు తెచ్చాను."

"నాలుగెందుకు?"

"ఊరికే ఇస్తుంటే ఒకటే తెచ్చుకుంటామేంటండి?"

ఆ మాట అన్నాక ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం మూడింటికి పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చింది. మెదడులో నరం చిట్లింది. విషం లేదు. "బీపీ బిళ్ళ ఆపేసి ఆర్నెల్లు నెట్టుకొచ్చిందంటేనే గొప్ప" అన్నాడు గవర్నమెంటాసుపత్రి డాక్టరు. క్యాప్సూల్లో ఉన్నది ఏదో ఆకుపొడి.

చట్టం లెక్కన కేసు అక్కడితో అయిపోయింది. మాస్టారి లెక్కన అవలేదు. మర్నాటి నుంచి రోజూ పదింటికి వచ్చి స్టేషన్ బల్లమీద కూర్చునేవారు.

"కాఫీ సంగతి రాశారాండి?"

"కాఫీ వల్ల కాదు మాస్టారూ."

"కాఫీ తాగితే ఆ ఆరుగురిలోంచి బయటకొచ్చేసినట్టే కదండీ?"

ఆరో రోజుకి మనిషి సగమయ్యారు. ఈయన కాఫీ పోసి భార్యని చంపలేదని ఈయనకే రుజువు చెయ్యాలి. ఇలాంటి కేసు హరిబాబు ట్రైనింగ్‌లో లేదు.

పాంప్లెట్ మళ్ళీ తీశాడు. అందరూ చదివినదే. ఆరు, ఏడు అంకెల కింద చీమల్లాంటి అక్షరాలు. పట్టిక నం. 31.

ముప్ఫై ఒకటోది ఇక్కడుంది. ముందు ముప్ఫై ఏవి?

కూపీ లాగితే రాజమండ్రిలో ఓ కంప్యూటర్ సెంటర్ తేలింది. ఓనరు దుర్గాసాయి, స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ. మందు కంపెనీకి లెక్కలు కట్టింది అతనే. ఆదివారం పదకొండింటికి అతన్ని, అతని కాగితాల కట్టని మాస్టారింట్లో కూర్చోబెట్టాడు హరిబాబు. సుబ్బాయమ్మ కూడా వచ్చింది.

"ఎంతమంది మీద చూశారు?"

"మూడొందలండి. సగంమందికి క్యాప్సూల్. సగంమందికి ఉత్త పిండి."

"ఎంతమందికి దిగింది?"

"క్యాప్సూల్‌కి అరవై. పిండికి అరవైఒకటి."

"అంటే పిండే నయం."

"ఆ మాటే చెప్పానండి. మందు కంపెనీ ఓనరుగారు కసిరారు. ఎవరికో ఒకరికి పనిచేసే ఉంటుంది, విడదీసి చూడమన్నారు. మగ, ఆడ విడదీశాను. వయసులు, శాకాహారం, కాఫీ, టీ... అలా విడదీస్తూ పోతే ముప్ఫై ఒకటోసారి ఇది తగిలింది."

"ఆ ముక్కలో మొత్తం ఎందరు?"

"పద్నాలుగుమందండి. క్యాప్సూల్ ఏడుగురికి, పిండి ఏడుగురికి."

హరిబాబు మాస్టారి వైపు తిరిగాడు. "చూశారా? ముప్ఫై ఇళ్ళ తలుపులు కొడితే ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు పలుకుతారు. పలికిన ఇల్లు మాత్రం అచ్చేశారు. మూగబోయిన ఇళ్ళు కట్టలో దాచేశారు. ఆ ఆరుగురికి దిగింది గాలివాటం. కాఫీకీ దానికీ సంబంధం లేదు. ఇంకా నమ్మకపోతే... సాయిగారూ, ఇందాక దారిలో చూపించారే, ఆ ఇరవై రెండో పట్టిక చదవండి."

దుర్గాసాయి ఇబ్బందిగా కదిలాడు. "ఓనరుగారికి వాస్తు పిచ్చండి. ఫారంలో గుమ్మం దిక్కు కూడా రాయించారు. దక్షిణ గుమ్మం ఇళ్ళలో క్యాప్సూల్ వేసుకున్నవాళ్ళు తొమ్మిదిమంది. ఎనిమిదిమందికి బీపీ పెరిగింది."

"మరి ఇది అచ్చెయ్యలేదేం?"

"జనం నవ్వుతారనండి."

సుబ్బాయమ్మ కిసుక్కుమంది. హరిబాబూ నవ్వాడు.

"ఇదెంత నిజమో కాఫీదీ అంతే నిజం మాస్టారూ. మీరిచ్చిన అరగ్లాసు ఆవిణ్ణి ఏమీ చెయ్యలేదు."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. "పోన్లెండి. తాగి వెళ్ళింది" అన్నారు.

హరిబాబు కేసు తేలిందనుకున్నాడు. టోపీ అందుకున్నాడు.

"ఎస్సైగారూ, మాది దక్షిణ గుమ్మమండి."

హరిబాబు తిరిగి గుమ్మం వైపు చూశాడు.

"ఇల్లు కట్టినప్పుడు ఆవిడ తూర్పుకి పెట్టించమంది. గాలి ఇటు బాగా వస్తుందని నేనే మొండికేశాను."

"అయ్యో, అదీ గాలివాటమేనండి! ఇప్పుడేగా చెప్పాను!"

"తొమ్మిదిలో ఎనిమిదండి" అన్నారు లెక్కల మాస్టారు. "ఏడులో ఆరు కన్నా ఎక్కువే."

హరిబాబు మూడుసార్లు విడమర్చి చెప్పాడు. మాస్టారు మూడుసార్లూ బుద్ధిగా తలూపారు. సాయంత్రానికి గుమ్మం పగలగొట్టడానికి మేస్త్రీని మాట్లాడుకొచ్చారు. ఆవిడ లేని ఇంటికి.

పాఠకమహాశయులారా, మీ కాళ్ళు పట్టుకుంటాను. లెక్క చెబితే ఆ మనిషి అందులోంచే ఇంకో నేరం తవ్వుకుంటున్నాడు. హరిబాబు ఏం చెప్పాలి? ఎలా చెప్పాలి? మీకేమైనా తోస్తే మండపేట పోలీస్ స్టేషన్‌కి ఓ కార్డుముక్క రాసి పడేయండి. మేస్త్రీ గురువారం వస్తానన్నాడు.