బంపరు మీద ప్రమాణం

మిట్టమధ్యాహ్నం... కానీ ఇబాదాన్ నగరం మీద సూర్యుడు లేడు! హర్మట్టన్ దుమ్ముగాలి ఆకాశాన్ని మింగేసింది. సుబేరు కార్ల యార్డు రేకుల మీద పట్టపగలే గుడ్లగూబ కూసింది... ఘూ... ఘూ...!

రేకుల కింద సుబేరు బల్ల. బల్ల కింద పామాయిల్ పూసిన కోతి కపాలం! సుబేరు నాలుక కింద నల్లటి ఎముక ముక్క. దాన్ని చప్పరిస్తూ వాడేం అడిగినా ఎదుటివాళ్ల నోరు "సరే" అనాల్సిందే. శ్మశానాల్లో పొర్లి ఇంతటి ఘోర క్షుద్రశక్తిని సాధించి, ఆ మహామాంత్రికుడు చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే... పాత కార్లు చౌకగా కొట్టేయడం! థూ!

ఆ రోజు మొరెనికే చిక్కింది. యాం దుంపలమ్మే మనిషి. కమ్మరి తండ్రి వదిలిపోయిన కారు ఇచ్చేసి, పైన కొంత కట్టి, సరుకు మోసే వ్యాను తీసుకుందామని వచ్చింది.

"ఈ డొక్కు తుక్కుకి కూడా పనికిరాదమ్మా. ఏదో నీ మొహం చూసి ఉంచుకుంటాను. నీ సంచీలో ఉన్నదంతా ఇక్కడ పెట్టి, ఆ నీలం వ్యాను తోలుకుపో. ఏమంటావ్?"

'నీ నోట మన్నుపడ! ఆ సంచీ ఖాళీ అయితే రేపు నేనేం కొని అమ్మను?' అనబోయింది.

"సరే" అంది నోరు!

"టైర్లు అరిగాయి. పర్లేదుగా?"

"సరే..." కళ్లు తేలిపోయాయి. పరాయి నాలుకేదో తన నోట్లో సర్పంలా మెసులుతోంది! లోపల గొంతు చించుకుని అరిచింది... బయటికి చప్పుడే లేదు!

ఇక ప్రమాణమొక్కటే మిగిలింది. అక్కడి ఆచారం ప్రకారం, పాత బండి తీసుకునేవాడు దాని ఇనుముకు నాలుక ఆనించి, మోసం చేయలేదని ఇనుముకు దేవుడైన ఓగున్ ఎదుట చెప్పాలి. సుబేరుకు అదో వేళాకోళం! ఈకాలం బంపర్లన్నీ ప్లాస్టిక్కే కదా... ఏళ్లుగా ప్లాస్టిక్కు నాకుతూ, దేవుణ్ణే బురిడీ కొట్టించానని మురిసిపోతున్న వెర్రివెధవ!

అలవాటుకొద్దీ వంగాడు. మొరెనికే కారు బంపరుకు నాలుక ఆనించాడు.

"నేను మోసం చేయ..."

అది ఆమె తండ్రి కొలిమిలో కాల్చి కొట్టిన ఇనుము!

ఘర్‌ర్‌ర్...! తాళాలు లేకుండానే యార్డులోని బళ్లన్నీ ఒక్కసారిగా గర్జించాయి! కపాలం పగిలి పిండయింది! సుబేరు నాలుక ఇనుముకు అతుక్కుని పొగలు కక్కింది... ఎముక నోట్లోనే భస్మమైపోయింది!

ఇనుము నాలుకను వదలగానే కింద పడినవాడు అరవడం మొదలుపెట్టాడు. ఆపుదామన్నా ఆగడే! "నీలం వ్యాను ఇంజను పగిలింది! ఎర్రకారు వరదలో మునిగింది! తెల్లదాని మీటరు నేనే వెనక్కి తిప్పాను!" రెండు చేతులా నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నిజాలు కారాయి.

బేరాలకొచ్చిన జనం చుట్టూ మూగారు. "ఆ మీటరు ముచ్చట ఇంకోసారి చెప్పు బాబాయ్!" అన్నారెవరో. చెప్పాడు!

మొరెనికే పెదాలు తుడుచుకుంది. "కాదు" అని మెల్లగా అని చూసుకుంది. తన గొంతే. "కాదు!" అంది గట్టిగా.

అప్పుడు వాడి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"లే నాయనా, దుమ్ము దులుపుకో. వీటిలో మంచి వ్యాను ఏదో చెప్పు. నా కారు అసలు ధరెంతో అదీ చెప్పు. ఇప్పుడు మొదలుపెడదాం బేరం."